సామాన్యుల వాస్తుశిల్పి - లారీ బేకర్

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నది మన సామెత. గృహనిర్మాణం సామాన్యునికి ఎంత భారమో అది తెలుపుతుంది. ఆ భారాన్ని తగ్గించడానికి జీవితాన్ని అంకితం చేసిన ఆంగ్లేయుడు లారీ బేకర్.

బేకర్ 1917 మార్చి 2న ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జన్మించారు. ఆ నగరంలోనే వాస్తువిద్యను అభ్యసించి 1937లో పట్టభద్రులయ్యారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చైనాలో క్షతగాత్రులకు, రోగులకు సేవచేశారు. స్వదేశానికి వెళ్తూ నౌక కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలుసుకున్నారు. ఇంటికి కావలసిన సామగ్రి ఐదు మైళ్ల పరిధిలో లభించేదై ఉండాలన్న గాంధీజీ భావన ఆయన మనస్సులో నాటుకొన్నది.

1945లో కుష్ఠురోగుల సేవకై భారతదేశానికి వచ్చిన బేకర్, 1948లో డాక్టర్ ఎలిజబెత్‌ను వివాహమాడారు. ఆ దంపతులు హిమాలయ ప్రాంతమైన పితోరాగఢ్‌లో చాలాకాలం నివసించారు. రాయి, మట్టి, కలపలతో అక్కడి గ్రామీణులు కట్టుకొన్న ఇండ్లు చలికీ వానకూ తట్టుకొని నిలవడం బేకర్ గమనించారు. కళాశాలలో నేర్వని పాఠాలను ఆ పనివారి వద్ద నేర్చుకున్నారు.

1963లో కేరళకు తరలివెళ్లిన తరువాత ఆయన ప్రతిభ పూర్తిగా వికసించింది. ఇటుకలను పడుకోబెట్టక అంచుపై నిలిపి, గోడ నడుమ ఖాళీ వదిలే ‘ర్యాట్ ట్రాప్ బాండ్’ పద్ధతిని ఆయన ప్రచారంలోకి తెచ్చారు. దీనివల్ల సుమారు నాలుగవ వంతు ఇటుకలు ఆదా అవుతాయి. ఖాళీలోని గాలి ఎండవేడిమిని త్వరగా లోపలికి రానీయదు. కప్పు అడుగుభాగంలోని కాంక్రీటు బరువును పెద్దగా మోయదు. అందుచేత అక్కడ కొంత మేర కాంక్రీటుకు బదులు ఇనుప చువ్వల నడుమ పాత పెంకులను అమర్చి, సిమెంటు ఖర్చు తగ్గించారు. స్థలంలోని చెట్లను నరకక, వాటిని అనుసరించి గోడలను మలిచారు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ భవనసముదాయం ఆయన కృషికి నిదర్శనం.

అయితే బేకర్ కట్టిన ఇంటిని ఉన్నదున్నట్లు అనుకరించడం ఆయన మార్గం కాదు. కేరళలో చల్లగాలిని ఆహ్వానించే చిల్లుల గోడ, కనిగిరి వంటి మెట్టప్రాంతంలో వేసవి వడగాలిని ఇంటిలోకి తెస్తుంది. ఇక్కడి మధ్యాహ్నపు ఎండకు ఖాళీ నడిమి గోడ, నీడనిచ్చే వసారా మేలు. ఏ ఊరి ఎండ, వాన, మట్టి ఎటువంటివో తెలుసుకొని కట్టడమే ఆయన చూపిన పద్ధతి.

భారత పౌరసత్వం స్వీకరించిన బేకర్‌ను 1990లో ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. 2007 ఏప్రిల్ 1న ఆయన కన్నుమూశారు. ఇంటి ఘనత దానికైన ఖర్చులో లేదని, అందులో నివసించేవారి సుఖంలో ఉన్నదని ఆయన నిర్మాణాలు నేటికీ బోధిస్తున్నాయి.