సైన్యానికి చెవులు కావాలి

కర్నూలు జిల్లా పత్తికొండలో 1827 జులై 6న మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో కలరాతో చనిపోయాడు. రాయలసీమలో ఆయన పేరు చెబితే రైత్వారీ శిస్తు గుర్తొస్తుంది, పిల్లలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకున్న పాతకాలం గుర్తొస్తుంది. ఆయన సిపాయి జీవితం మాత్రం అంతగా గుర్తు రాదు. 1780లో పదాతిదళంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగిన ఈ కుర్రాడు హిందుస్తానీ, పారశీకం పట్టుబట్టి నేర్చుకున్నాడు. 1788లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద గూఢచార విభాగంలో సహాయకుడయ్యాడు. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, వాటికి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఏడేళ్లు పనిచేశాడు. ఎదుటివాడి మాట వాడి భాషలోనే విని అర్థం చేసుకునే అలవాటు గూఢచార విభాగంలో ఎంత పనికొచ్చిందో, పాళెగాళ్ల సీమను చక్కబెట్టడంలోనూ అంతే పనికొచ్చింది. సైన్యంలో పరభాష తెలిసిన మనిషి విలువ ఎంతో చూపడానికి దూరదేశాల ఉదాహరణలు అక్కర్లేదు, మన పత్తికొండ చాలు.

అయితే మన భాషలు వచ్చిన దొర ఒక్కడితో పని జరగలేదు. కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా ఉన్న కాలిన్ మెకంజీ సర్వేలు చేస్తూ ఊరూరి చరిత్రలు రాయించాడు. ఆ పనిలో ఆయనకు కళ్లూ చెవులూ కావలి వెంకట బొర్రయ్య. 1803లో బొర్రయ్య చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యత మోశాడు. కడప జిల్లా కైఫియత్తులు తిరగేస్తే ఆ శ్రమ తెలుస్తుంది. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ మాన్యం ఎవరి చేతిలో ఉంది, ఏ పాళెగాడి వంశం ఎక్కడ మొదలైంది అన్నీ అందులో ఉంటాయి. కరణం తన దండకవిలె విప్పి చదువుతుంటే మాటలు రాసుకోవడం తేలికే. ఏది దాస్తున్నాడో, ఏది పెంచి చెబుతున్నాడో పట్టుకోవాలంటే ఆ భాషలో పుట్టిపెరిగినవాడే కావాలి. ఈనాటి సైనిక గూఢచార విభాగాల్లో భాషా నిపుణుడు చేసే పని కూడా, సారంలో ఇదే.

ఇప్పుడు ఆ నిపుణుడు రేడియో మాటలు వింటాడు, దొరికిన కాగితాలు చదువుతాడు, సరిహద్దు సమావేశాల్లో దుబాసీగా కూర్చుంటాడు. 2020 జూన్‌లో లద్దాఖ్ ఉద్రిక్తత మీద చుషుల్, మోల్డోల దగ్గర భారత్, చైనా సైన్యాల కమాండర్లు గంటల తరబడి మాట్లాడుకున్నప్పుడు, ప్రతి మాటా దుబాసీ నోటి మీదుగానే దాటింది. అక్కడ ఒక్క క్రియాపదం తప్పితే ‘వెనక్కి తగ్గుతాం’ అన్నది ‘తగ్గవచ్చు’ అయిపోతుంది. మన సైన్యానికి ఈ సంగతి తెలుసు. రక్షణ శాఖ కింద ఢిల్లీలో విదేశీ భాషల పాఠశాల 1948 నుంచి నడుస్తోంది. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఆర్మీ ఎడ్యుకేషన్ కోర్ శిక్షణ కళాశాల ఉంది. 2023లో తేజ్‌పూర్ విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకుని సైనికులకు పదహారు వారాల చైనీస్ శిక్షణ మొదలుపెట్టారు. పదహారు వారాలు ఆరంభానికి సరిపోతాయి, అంతే. అమెరికా సైన్యం కాలిఫోర్నియాలోని మాంటెరీలో చైనీస్, అరబిక్, కొరియన్ నేర్పడానికి 64 వారాలు పెడుతుంది. అదీ రోజంతా వేరే పని లేకుండా. ఆ పాఠశాల 1941 నవంబరులో మొదలైనప్పుడు తొలి జట్టులో దాదాపు అందరూ జపాను నుంచి వలస వచ్చినవాళ్ల పిల్లలే. ఇంట్లో అమ్మానాన్నల దగ్గర విన్న భాషను ఆ సైన్యం ఆస్తిగా లెక్కగట్టింది.

మన సీమ ఇళ్లలోనూ అలాంటి ఆస్తి ఉంది. కర్నూలు, కడప వీధుల్లో తెలుగు, ఉర్దూ రెండూ ఒకే నోట పలికే పిల్లలు కోకొల్లలు. ఉర్దూ లిపి వచ్చినవాడికి పారశీక అక్షరాలు కొత్తవి కావు, పష్తో అక్షరాలూ చాలావరకు తెలిసినవే. ‘నక్కో’ అనే మన దక్కనీకీ లాహోరు ఉర్దూకూ తేడా ఉంది, నిజమే. ఆ తేడా పసిగట్టగల చెవే గూఢచారానికి కావాల్సింది. ఇక చైనీస్ సంగతి. అందులో ప, ఫ లాంటి జంటల్లో ఒత్తు ఉందా లేదా అన్నదాన్నిబట్టి మాట మారిపోతుంది. ఇంగ్లీషువాడు దీన్ని కొత్తగా నేర్చుకోవాలి, మనకు అక్షరమాలలోనే క, ఖలు వేరు. రోజువారీ మాటల్లో ఒత్తులు మింగేస్తున్న మాట వాస్తవమే కానీ, పలకమంటే పలకగలం. నాలుగు స్వరాలు మాత్రం కష్టపడి నేర్వాల్సిందే. ఒకే ‘మా’ స్వరం మారితే అమ్మ, జనుము, గుర్రం, తిట్టు.

అనువాదం యంత్రాలే చేస్తున్నాయి కదా, మనిషెందుకని అడగవచ్చు. అచ్చు కాగితాల రాశిని జల్లెడ పట్టడానికి యంత్రం బాగా పనికొస్తుంది, కాదనను. కానీ గరగరలాడే రేడియోలో ‘మావోడు పోయినాడు’ అని వినిపిస్తే, వాడు ఊరు వెళ్లాడా, చచ్చిపోయాడా? గొంతులో వణుకు విన్న కడపవాడికి క్షణంలో తెలుస్తుంది. పైగా రహస్య సంభాషణను ఎవరి సర్వర్లలోనో పడేసి అర్థం అడగలేం. మరో అభ్యంతరం ఇంకా బరువైనది. మన్రో, మెకంజీ మనల్ని పాలించడానికి మన భాషలు నేర్చారు, వాళ్లను ఆదర్శంగా చూపడమేమిటని. వాళ్ల ఉద్దేశాన్ని నేను మెచ్చుకోవడం లేదు. మన గురించి వాళ్లకు తెలిసినంత వాళ్ల గురించి మనకు తెలియకపోవడం వల్ల ఎంత నష్టపోయామో ఆ చరిత్రే చెబుతోంది. సరిహద్దు అవతలివాళ్లు మన భాషలు నేర్చుకుంటుంటే మనం చెవులు మూసుకుని కూర్చోవడం క్షేమం కాదు.

అగ్నివీర్ ర్యాలీ అనగానే మన కుర్రాళ్లు తెల్లవారుజామునే లేచి 1,600 మీటర్ల పరుగు సాధన చేస్తారు. ఆ కష్టానికి చేతులెత్తి మొక్కాలి. అదే పట్టుదలను భాష మీద పెట్టే దారి కూడా ఉందని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. ఇంటర్ తర్వాత హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో విదేశీ భాషల్లో డిగ్రీ చదవవచ్చు. విన్నదాని మీద సైన్యానికి నివేదిక రాయాల్సింది ఇంగ్లీషులో కాబట్టి తెలుగు మాధ్యమం పిల్లలు ఇంగ్లీషు రాత మీద కూడా శ్రద్ధ పెట్టాలి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. చైనీస్‌కు ఒకటి, పష్తోకు ఒకటి సాయంత్రం తరగతులు నడిపితే చాలు. వచ్చే విద్యా సంవత్సరానికైనా అవి మొదలయ్యేలా అధ్యాపకులు, తల్లిదండ్రులు పట్టుబట్టాలి.