మధుమేహము: రోగికి ఊరి తోడు

మధుమేహము పట్టణవాసుల వ్యాధియనియు, కాయకష్టము చేయువారి దరికి రాదనియు మన పల్లెలలో చిరకాలముగా నొక నమ్మకము కలదు. ఆ నమ్మకము నేడు నిలుచుట లేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యమున జరిగి 2023లో ప్రకటితమైన సర్వే ప్రకారము మన దేశమున సుమారు 10 కోట్లమందికి ఈ వ్యాధి కలదు. మరి 13 కోట్లమందికి పైగా దాని ముంగిట నున్నారు.

మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరును. దానిని శరీరమునకు వినియోగపరచునది ఇన్సులిన్. అది చాలనప్పుడు, లేక సరిగా పనిచేయనప్పుడు, చక్కెర రక్తములోనే నిలిచి కన్నులను, మూత్రపిండములను, గుండెను, పాదములను మెల్లమెల్లగా చెరచును. నొప్పి తెలియదు కనుక రోగి మేలుకొనడు.

వైద్యుడు రోగిని నెలకొకసారి చూడగలడు. తక్కిన దినములు రోగి తన్ను తానే చూచుకొనవలెను. వేళకు మందు, మితాహారము, నడక, ప్రతి రాత్రి పాదముల పరీక్ష: ఈ నాలుగును ఒంటరిగా సాగించుట కష్టము. రోగి ఇల్లాలే యైనచో తనకొరకు వేరుగా వండుకొనదు. కావున అన్నము తగ్గించి కూరలు, పప్పు హెచ్చించుట ఇంటిల్లిపాదికి అలవాటు కావలెను. జొన్న, రాగి మంచివే; వానినైనను మితము తప్పి తినరాదు. పెండ్లి పంక్తిలో “ఒక్క లడ్డుకేమగును?” అని బలవంతపెట్టుట మర్యాద కాదు. ఆకుమందు దొరికినదని వైద్యుడిచ్చిన మాత్రలు మానిపించుట అంతకన్న హాని.

పొలములో సంభవించు ఒక ఆపదను అందరును ఎరుగవలెను. ఇన్సులిన్ గాని, కొన్నిరకముల మాత్రలు గాని పుచ్చుకొని, వేళకు తినక పనిచేసినచో రక్తములో చక్కెర హఠాత్తుగా పడిపోవును. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపించును. త్రాగినాడని నవ్వరాదు. స్పృహ యున్నచో మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగింపవలెను. పదునైదు నిమిషములలో తేరుకొననిచో మరల ఈయవలెను. తేరుకొనిన పిదప భోజనము పెట్టవలెను. స్పృహ తప్పినచో నోట ఏమియు పోయక 108కు కబురు చేయవలెను.

ఇందు పంచాయతీ చేయదగిన పని యేమి? 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీల విషయములుగా చేర్చబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీలో ఆశా కార్యకర్తయు, పంచాయతీ ప్రతినిధులును కలరు. 30 ఏండ్లు నిండిన ప్రతివారును పరీక్ష చేయించుకొనునట్లు ఆ కమిటీ చూడవచ్చును. పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితము. పరగడుపున డెసిలీటరు రక్తమునకు 126 మిల్లీగ్రాములు, అంతకు పైగా చక్కెర కనిపించినచో వైద్యుని దర్శింపవలెను.

మరియు వ్యాధిగ్రస్తులను నెలకొకమారు ఒకచోట చేర్చవచ్చును. ఒకరి మాత్రలు అయిపోయినవని, మరొకరి కాలికి పుండు పడినదని అక్కడ తెలియును. దూరమందున్న ఆసుపత్రికి ఇద్దరు కలిసి వెళ్లుదురు. చెప్పులు లేక పొలమునకు పోవువానిని తోటివాడే మందలించును. ఇందులకు ధనము అంతగా అవసరము లేదు.

వ్యాధి దాచుకొనువాడు మందును కూడ దాచుకొని మ్రింగును, క్రమముగా మానివేయును. ఆ సిగ్గును పోగొట్టుట ఊరి పెద్దల చేతిలోని పని. సభ్యులు తాము ముందుగా పరీక్ష చేయించుకొని, ఆ మాట గ్రామసభలో చెప్పుదురని ఆశించుచున్నాము.