మన అరిసె – జపానువారి మోచీ

సంక్రాంతి సెలవులు ముగిసి నరసరావుపేట హాస్టలుకు తిరిగి వచ్చేటప్పుడు మన ట్రంకు పెట్టెల్లో తప్పక ఉండేవి అరిసెలు. పది పదిహేను రోజులైనా అవి పాడవవు. ఇందుకు కారణమేమిటో ఎప్పుడైనా ఆలోచించామా మిత్రులారా? మనలాగే బియ్యంతో పండుగ వంట చేసుకునే జపానువారి మోచీతో పోల్చి చూస్తే ఆ సంగతి తేలికగా అర్థమవుతుంది.

జపానులో 1873 నుంచి జనవరి 1న కొత్త సంవత్సరం జరుపుకుంటున్నారు. ఆ పండుగకు ముఖ్యమైనది మోచీ. బియ్యాన్ని నానబెట్టి, ఆవిరిపై ఉడికించి, పెద్ద రోట్లో వేసి కొయ్య సుత్తితో దంచుతారు. ఒకరు దంచుతుంటే మరొకరు తడిచేత్తో ముద్దను తిప్పుతారు. మన ఇళ్ళలో అరిసెల నాడు ఇరుగుపొరుగు అమ్మలక్కలు వచ్చి సాయం పట్టినట్లే అక్కడా ఇది నలుగురూ కలిసి చేసే పని.

మోచీ లోపల అజుకి అనే ఎర్ర గింజల తీపి పూర్ణం పెడితే అది దైఫుకు. మన పూర్ణం బూరె వంటిదే గాని నూనెలో వేయించరు. అజుకి మన అలసంద, పెసర జాతి గింజే. బియ్యప్పిండి బిళ్ళలను కాల్చి సోయా సాస్ పూస్తే సెంబెయ్. అది మన చెక్కలకు చుట్టం.

ఇక తేడా బియ్యంలోనే ఉంది. బియ్యపు పిండిపదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాలు. మోచీ బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. అందుకే దంచితే బంకలా సాగుతుంది. మన బియ్యంలో అమైలోజ్ ఎక్కువ, అంతగా సాగదు. కనుక తడిపిండిని పట్టి ఉంచడానికి బెల్లం పాకం కావాలి. పాకం చుక్కను నీళ్ళలో వేస్తే కరగకుండా మెత్తని ఉండ కట్టాలి. లేతపాకమైతే అరిసె నూనెలో విడిపోతుంది. ముదిరితే రాయిలా అవుతుంది.

అరిసె నిల్వ ఉండటానికీ ఆ పాకమే కారణం. బెల్లంలోని చక్కెర నీటిని పట్టి ఉంచుతుంది. సూక్ష్మజీవులకు నీరు అందదు. వేయించినప్పుడు మిగిలిన తేమ కూడా చాలావరకు పోతుంది. ఉత్త మోచీలో చక్కెర లేదు కాబట్టి త్వరగా గట్టిపడుతుంది, బూజు పడుతుంది. గట్టిపడినదాన్ని కాల్చుకుని తింటారు.

జపానువారి కొత్త సంవత్సరపు ఆహార సంప్రదాయాన్ని 2013లో యునెస్కో గుర్తించింది. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన ఇంటి అరిసె పాకం మాత్రం అమ్మ, నాయనమ్మల చేతుల్లోనే ఉంది. చిన్నతనం నుంచీ హాస్టళ్ళలో చదువుకునే మనం తినడమే నేర్చుకున్నాం గాని చేయడం నేర్చుకోలేదు. వచ్చే సంక్రాంతికి పొయ్యి దగ్గర కూర్చుందాం. ఆడపిల్లల పని అనుకోకుండా అబ్బాయిలమూ పాకం పట్టడం నేర్చుకుందాం. కొలతలు నోటుబుక్కులో రాసుకుందాం. పెద్దవాళ్ళు ఉండగానే నేర్చుకోవలసిన చదువు ఇది.