ఊరక వచ్చిన పనిముట్టు వెల యెంత?

మన సంఘములందు కంప్యూటరులు ప్రవేశించుచున్నవి. 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల లెక్కలను కంప్యూటరులలోని కెక్కించుటకై కేంద్ర ప్రభుత్వమువారు 2022లో 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించిరి. ఇట్టి లెక్కలు నడపు సాఫ్ట్‌వేరును వ్రాయువారును మనవలెనే పలువురు కూడి పనిచేయువారు. వారికిని పనిముట్లు వలయును. వాని ఖర్చును తూచుటలో అట్టి జట్టు ఒకటి నేర్చిన పాఠము మన సభ్యులకు నుపయోగించునని తలంచి యిచట వ్రాయుచున్నాము.

పదిమంది యొకే ప్రోగ్రామును వ్రాయునపుడు, ఎవరు ఎప్పు డేమి మార్చిరో తెలుపు చిట్టా యుండవలెను. లేనిచో ఒకని పనిని వేరొకడు చెరపును. లినక్సు అను ప్రోగ్రామును పలుదేశములవారు కలిసి వ్రాయుచున్నారు. వారు 2002లో బిట్‌కీపరు అను చిట్టా పనిముట్టును చేపట్టిరి. అది యొక కంపెనీ సొత్తు. కంపెనీవారు దానిని కొన్ని షరతులమీద వారికి ఉచితముగా నిచ్చిరి. పని చక్కగా సాగెను. కాని షరతుల విషయమై వివాదము పుట్టగా, 2005లో ఆ యుచితము నిలిచిపోయెను. సొత్తు కంపెనీవారిది గావున వారిని తప్పుపట్టి లాభము లేదు. ఎరువు సొమ్ము బరువు చేటని మన పెద్దలు చెప్పనే చెప్పిరి.

అంతట లినక్సు కర్తయగు లైనస్ టోర్వాల్డ్స్ అదే యేప్రిలులో గిట్ అను సొంత పనిముట్టును వ్రాయనారంభించెను. జూనులో లినక్సు క్రొత్త కూర్పు దానితోనే వెలువడెను. గిట్‌లో పనివా డొక్కొక్కనియొద్దను చిట్టా పూర్తి నకలుండును. ఒక చోట చెడినను మరియొక చోట దొరకును.

గిట్‌కు వెల లేదు. అయినను ఖర్చు లేదనరాదు. దాని నుంచుటకు తావు వలయును. అట్టి తావు నిచ్చు గిట్‌హబ్ వారు 2020లో జట్టు రుసుమును నెలకు తల యొక్కింటికి 9 డాలర్లనుండి 4 డాలర్లకు తగ్గించిరి. ఆ లెక్కను ఇరువదిమందికి సాలుకు 960 డాలర్లగును. సొంత యంత్రము పెట్టుకొన్నచో రుసుము తప్పును గాని, విద్యుత్తు, మరమ్మతు, చూచుకొను మనిషి జీతము మీదపడును. అద్దె యింజనుతో నీరు తోడించుటకును సొంత యింజను కొనుటకును గల భేదమే యిది.

కావున ఏ సాఫ్ట్‌వేరునైనను తీసికొనుటకు ముందు మన పాలకవర్గములు మూడు ప్రశ్నలు వేయవలెను. సాలుకు మొత్తము ఖర్చెంత? అమర్చుటకును, గుమాస్తా నేర్చుకొనుటకును ఎన్ని దినములు పట్టును? రేపు విడిచిపెట్టినచో మన లెక్కలు పూర్తిగా మన చేతికి వచ్చునా? మూడవదానికి జవాబు కాగితముపై లేనంతవరకు సంతకము చేయవలదని మా మనవి.