వీడియో ఆటలలో వేషకల్పనము

భరతుడు చెప్పిన చతుర్విధాభినయములలో ఆహార్యమొకటి. నాటకమున వేషము ప్రేక్షకుని కొఱకు ధరింపబడును. వీడియో ఆటలో అట్లు గాదు. వేషము కూర్చువాడు, దానితో ఆడువాడు, దానిని చూచి మురియువాడు ఒక్కడే. ఆటయందలి ఆనందమునకు ఇది ఎంతవరకు కారణమగునో పరిశీలింతము.

తెరమీద ఆటగానికి మారుగా నిలుచు రూపమునకు పాశ్చాత్యులు మన ‘అవతార’ శబ్దమునే వాడుచుండుట గమనింపదగినది. 1985లో రిచర్డ్ గారియట్ నిర్మించిన ‘అల్టిమా 4’ అను ఆటలో ఈ పదము కలదు. అందు మొదట కొన్ని ధర్మసంకటములు ప్రశ్నలుగా వచ్చును; ఇచ్చిన సమాధానములను బట్టి పాత్ర యొక్క వృత్తి నిర్ణయమగును. 2000లో వెలువడిన ‘ది సిమ్స్’ నాటికి తల, దుస్తులు, చర్మవర్ణము, స్వభావము, కడకు నివసించు ఇల్లు సైతము ఆటగాని యిష్టమునకు విడువబడినవి.

తాను దిద్దిన బొమ్మపై మమకారమధికము. నేను బోధించునది తమిళనాటి తెలుగు పిల్లలకు. పాత్ర కూలినపుడు వారు ‘వాడు పడిపోయాడు’ అనరు, ‘పడిపోయాను’ అందురు. సిద్ధముగా ఇచ్చిన పాత్ర విషయమున ఈ ఉత్తమపురుష ప్రత్యయము కొంత ఆలస్యముగా వచ్చుట గమనించితిని. వ్యాకరణము బోధించువానికి ఇట్టివే కనబడును గదా!

2007లో బెసియేర్ ప్రభృతులు ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ ఆడువారిని పరిశీలించి, వారు తమ పాత్రను తమకంటె తమ ఆదర్శమునకు చేరువగా భావింతురనియు, మనఃస్వాస్థ్యము కొఱవడినవారిలో ఈ లక్షణము ప్రబలమనియు తెలిపిరి. ఆ యేటనే నిక్ యీ, జెరెమీ బెయిలెన్‌సన్ అను పండితులు, పొడవైన రూపము లభించినవారు సొమ్ము పంపకమున పొట్టిరూపము వారికంటె గట్టిగా బేరమాడిరని చూపిరి. వేషము ధరించినవాని మనస్సును కూడ దిద్దుచున్నదన్నమాట.

అట్లని, ఎంచుకొను వీలులేనిదే ఆనందము లేదనరాదు. ‘రస్ట్’ అను ఆటలో 2015 నుండి చర్మవర్ణమును, 2016 నుండి స్త్రీపురుష భేదమును యంత్రమే నిర్ణయింపసాగెను. మన పుట్టుక వలెనే అది మార్చుకొన వీలులేనిది. పలువురు నొచ్చుకొనిరి, అయినను ఆటకు ఆదరణ తగ్గలేదు.

నన్ను కలతపెట్టునది వేషవిక్రయము. 2017లో వచ్చిన ‘ఫోర్ట్‌నైట్’లో వేషములు వెలకు దొరకును. వానివలన పోరులో బలమేమియు పెరుగదు. అయినను ఉచితవేషముతో వచ్చినవానిని తోడివారు గేలిచేయుట పరిపాటి యైనది. దిద్దుకొనుటలోని సుఖము కొనుటలో లేదని నా నిశ్చయము.

ఒకనాడు తరగతిలో తమ తమ పాత్రలను తెలుగున వర్ణింపుడంటిని. వెలయిచ్చి వేషము కొన్న బాలుడు దాని ధర చెప్పి కూర్చుండెను. ఒక బాలిక తాను కూర్చిన పాత్రకు చామనచాయ, కోలముఖము, ఎడమచెంపపై పుట్టుమచ్చ చెప్పి, పేరడుగగా వాళ్ల అవ్వ పేరు చెప్పెను. ‘చామనచాయ’ అను మాట అవ్వ నోటనే విన్నదట. తక్కిన పిల్లలు ఆ మాటను తమ పుస్తకములలో వ్రాసికొనిరి.