పాత ల్యాండ్ రోవర్‌లో వేడిగాలి దారి

కోయంబత్తూరులో ఉండి బండి హీటరు గురించి రాస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఫ్యాను కింద కూర్చుని కూడా చెమట తుడుచుకునే ఊరు మనది. కానీ పాత జీపులాంటి బండ్లలో హీటరు ఉన్నది కాళ్ళు వెచ్చబెట్టుకోవడానికి మాత్రమే కాదు. ముందు అద్దం మీద పట్టే ఆవిరి తెరను తీసేయడం దాని ముఖ్యమైన పని. మేట్టుపాళయం దాటి కూనూరు ఘాటు ఎక్కేవాళ్ళకి, ఊటీ అవతల కల్లట్టి దారిలో 36 హెయిర్‌పిన్ మలుపులు చూసినవాళ్ళకి, అద్దంలోంచి దారి కనబడకపోతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మా మామ పాత బండ్లు బాగుచేస్తారు. పోయిన వేసవి సెలవుల్లో ఆయన షెడ్డుకి నీలగిరి తోట ఒకదాన్నించి ల్యాండ్ రోవర్ సీరీస్ టూ-ఏ వచ్చింది. "ఆ హీటరు పీకేసి పాత ఇనుముకి వేసెయ్యండి, ఎవరు వాడతారు?" అని బండివాళ్ళు అన్నారు. మామ ఒప్పుకోలేదు. "పైన తోటలో నవంబరులో తెల్లారగట్ల బండి తీసేది మీ డ్రైవరు. అతన్ని అడగండి" అన్నారు. రెండు రోజుల తర్వాత బాగుచేయమనే కబురు వచ్చింది. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టడం, ఫోటో తీయడం నా పని. అలా చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బండి గురించి కొంచెం. ల్యాండ్ రోవర్‌ని మొదట 1948 ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో చూపించారు. యుద్ధం అయిపోయిన కొత్తలో ఇంగ్లండులో ఉక్కుకి కరువు. అందుకే ఒంటికి ఎక్కువగా అల్యూమినియం మిశ్రమం వాడారు. సీరీస్ టూ 1958లో, టూ-ఏ 1961లో, త్రీ 1971లో వచ్చాయి. మన దేశంలో డార్జిలింగ్ వైపు మానేభంజంగ్ నుంచి 3,636 మీటర్ల ఎత్తున్న సందక్‌ఫూకి మనుషుల్ని దశాబ్దాలుగా ఎక్కించినవి ఈ పాత ల్యాండ్ రోవర్లే. ఒళ్ళంతా అల్యూమినియం అయినా, ఇంజనుకీ మనకీ మధ్య ఉండే గోడ మాత్రం ఉక్కుది. తుప్పు పట్టేది అక్కడే. డాష్‌బోర్డు, హీటరు, గొట్టాలు అన్నీ ఆ గోడనే పట్టుకుని ఉంటాయి.

డాష్‌బోర్డు అనే మాట బండ్లకంటే పాతది. గుర్రపు బండిలో గిట్టలు ఎగజిమ్మే బురద తోలేవాడి మీద పడకుండా ముందు అడ్డం పెట్టిన పలకకి ఆ పేరు. గుర్రం పోయి ఇంజను వచ్చింది, పలక పేరు మిగిలింది.

ఇక హీటరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెట్రోలు మండితే వచ్చే వేడిలో సుమారు మూడో వంతు ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళలోకి పోతుంది. ఆ నీళ్ళని ముందున్న రేడియేటరు చల్లారుస్తుంది. హీటరు అంటే ఇంకో చిన్న రేడియేటరు. ఇంజను నుంచి ఒక రబ్బరు గొట్టంలో వేడినీళ్ళు దానిలోకి వచ్చి, ఇంకో గొట్టంలో తిరిగి పోతాయి. మధ్యలో ఒక కుళాయి. వెనక నుంచి చిన్న ఫ్యాను గాలి కొడితే ఆ గాలి వేడెక్కి బయటికి వస్తుంది. అంటే దీనికి వేరే పెట్రోలు ఖర్చు లేదు, ఎలాగూ పారేసే వేడినే వాడుకుంటున్నాం. అందుకే ఇంజను వేడెక్కేదాకా హీటరు కూడా చల్లగాలే ఇస్తుంది.

మా షెడ్డుకొచ్చిన బండిలో స్మిత్స్ కంపెనీవారి గుండ్రని హీటరు ఉంది. కాళ్ళ దగ్గర గోడకి బిగించి ఉంటుంది. ముందు వైపు చిన్న తలుపులు తెరిస్తే వేడిగాలి కాళ్ళకి తగులుతుంది. మూస్తే గాలి రెండు గొట్టాల్లో పైకి పోయి, అద్దం అడుగున ఉన్న సన్నని చీలికల్లోంచి అద్దం మీదికి కొడుతుంది. ఇది బయటి గాలిని తీసుకోదు, లోపలి గాలినే తిప్పి తిప్పి వేడిచేస్తుంది.

ఆవిరి లెక్క అర్థమైతే మిగతాదంతా అర్థమైనట్టే. 10 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 9 గ్రాముల నీటి ఆవిరినే మొయ్యగలదు. 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాములు మోస్తుంది. లోపల నలుగురు కూర్చుని ఊపిరి వదులుతుంటే ఆ ఆవిరి అంతా చల్లని అద్దానికి తగిలి నీటి చుక్కలవుతుంది. వేడిగాలి కొడితే రెండు పనులు జరుగుతాయి: అద్దం వెచ్చబడుతుంది, గాలికి ఇంకా ఆవిరిని మోసే చోటు దొరుకుతుంది. కానీ లోపలి గాలినే తిప్పుతుంటే మన ఊపిరి బయటికి పోయే దారి ఉండదు. అందుకే ఈ బండిలో అద్దం కింద ఉండే రెండు పొడుగాటి మూతలు చాలా ముఖ్యం. వాటిని కొంచెం తెరిస్తే పొడిగాలి వస్తుంది. హీటరు, మూతలు కలిస్తేనే అద్దం తేటగా ఉంటుంది.

ఇప్పుడు బాగుచేసిన క్రమం.

మొదట బ్యాటరీ తీగ తీసేశారు. ఇంజను పూర్తిగా చల్లారాక నీళ్ళు ఒక తొట్టిలోకి దింపారు. వేడి ఇంజను రేడియేటరు మూత ఎప్పుడూ తియ్యకూడదు, మరిగే నీళ్ళు మొహం మీదికి చిమ్ముతాయి. ఆ నీళ్ళలో కలిపే కూలెంటు తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలు, పిల్లులు నాకకుండా తొట్టికి మూత పెట్టాలి.

తర్వాత చిన్న రేడియేటరు. దాన్ని మామూలుగా నీళ్ళు వచ్చే వైపు కాకుండా వెనక వైపు నుంచి కడిగారు. ఎర్రటి బురద వచ్చింది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు నింపి ఉంచి మళ్ళీ కడిగారు. ఆ తర్వాత ఒక కన్ను మూసి, ఇంకో కంట్లోంచి సైకిలు పంపుతో 10 పీ.ఎస్.ఐ.కి మించకుండా గాలి కొట్టి, బకెట్టు నీళ్ళలో ముంచారు. బుడగ వచ్చిన చోట చిల్లు ఉన్నట్టు. రెండు చోట్ల బుడగలు వచ్చాయి. రేడియేటరు పనివాడు వాటిని మూశాడు. షెడ్డులో ఆ పనిని 'పత్తవెక్కిరదు' అంటారు. మా అవ్వ దానికి 'మాటు వేయడం' అంటుంది, చెంబులకీ బిందెలకీ వేసే మాటే. ఇంట్లో రెండు భాషలు ఉన్నందుకు ఒక లాభం ఇది. ఇత్తడి బిందెకి బతికున్న మాట రేడియేటరుకి కూడా సరిగ్గా సరిపోయింది.

ఫ్యాను మోటారు విప్పితే కార్బన్లు అరిగిపోయి ఉన్నాయి. కొత్తవి వేసి, ఇరుసుకి రెండు చుక్కల నూనె పోశారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తొలినాళ్ళ టూ-ఏ బండ్లలో బ్యాటరీ ప్లస్ వైపు బాడీకి కలిపి ఉండేది, తర్వాత వచ్చినవాటిలో మైనస్ వైపు. మధ్యలో ఎవరైనా మార్చి ఉంటే కొన్ని రకాల మోటార్లు వెనక్కి తిరుగుతాయి. శబ్దం మామూలుగానే ఉంటుంది, గాలి మాత్రం సరిగ్గా రాదు. బిగించే ముందే ఏ వైపు తిరుగుతోందో చూసుకోవాలి.

గొట్టాల పని అన్నిటికంటే ఓపికది. పాత గుడ్డ గొట్టాలు చేత్తో పట్టుకుంటే పొడి అయ్యాయి, లోపలి తీగ చుట్ట మాత్రం మిగిలింది. పొడవు, వంపు కొలిచాకే మామ పాతవి తీయనిచ్చారు. పారేశాక కొలతకి ఏమీ మిగలదు కదా. గొట్టం ఎక్కువ పొడవు ఉంటే మడత పడి గాలి ఆగిపోతుంది, తక్కువైతే కుదుపుకి ఊడుతుంది. అద్దం కింది రేకు మూతుల్లో చెత్త, ఎండిన కందిరీగ గూడు ఉన్నాయి. వాటిని శుభ్రం చేసి, తుప్పు గీకి, రంగు వేశారు. పాత బండ్లలో వేడికి అడ్డంగా పెట్టిన అట్టల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. అలాంటివి కనబడితే గీకకూడదు, పొడిగా దులపకూడదు, తడిపి, మాస్కు వేసుకుని తీయించాలి.

ఉక్కు గోడలో వాడని చిల్లులు చాలా ఉంటాయి. ఒక్కోదానికీ రబ్బరు బిరడా పెట్టించారు. ఇది అందం కోసం కాదు. ఇంజను గదిలో పొగ గొట్టం కారుతుంటే కార్బన్ మోనాక్సైడు ఆ చిల్లుల్లోంచి లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అద్దాలు మూసుకుని వెచ్చగా కూర్చున్నవాళ్ళకి తలనొప్పి, నిద్రమత్తుగా మొదలై ప్రాణం మీదికి తెస్తుంది.

అన్నీ బిగించాక గాలి ఎక్కడైనా కారుతోందా అని చూడటానికి అగరుబత్తి చాలు. ఫ్యాను వేసి, ప్రతి అతుకు దగ్గరా అగరుబత్తి పట్టుకుంటే పొగ పక్కకి వంగిన చోట కన్నం ఉన్నట్టే. చివరగా హీటరు కుళాయి తెరిచి ఉంచి నీళ్ళు పోశారు. మూసి పోస్తే లోపల గాలి ఇరుక్కుని, ఇంజను ఎంత వేడెక్కినా హీటరు చల్లగానే ఉంటుంది. ఇంజను తిరిగి, చల్లారాక మళ్ళీ నీళ్ళ మట్టం చూసి నింపారు.

ఈ హీటరు ఇప్పటి కార్ల హీటరులాగా బలమైనది కాదు. అద్దమంతా ఒక్కసారిగా తేటపడదు. కింద రెండు చోట్ల అరచేతులంత మొదలై, నెమ్మదిగా పైకి పాకుతుంది. కానీ డ్రైవరు ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, ఇంకో చేత్తో స్టీరింగు తిప్పే అవసరం తప్పుతుంది. మలుపుల దారిలో రెండు చేతులూ స్టీరింగు మీద ఉండటం చిన్న విషయం కాదు.

ల్యాండ్ రోవర్ మనలో ఎవరి ఇంట్లోనూ ఉండకపోవచ్చు. కానీ వానాకాలంలో మన ఇంటి కార్లలోనూ అద్దానికి ఆవిరి పడుతుంది. అప్పుడు లోపలి గాలిని తిప్పే బటన్ ఆపి, బయటి గాలి వచ్చేలా పెట్టండి. ఏసీ వేసి వేడి వైపు తిప్పండి. ఏసీ గాలిలోని తేమను పిండేస్తుంది, హీటరు ఆ పొడిగాలిని వెచ్చచేస్తుంది, అద్దం త్వరగా తేటపడుతుంది. అద్దం లోపలి వైపు జిడ్డు లేకుండా తుడిచి ఉంచితే ఆవిరి పట్టడమే తగ్గుతుంది. ఈ మాట ఇంట్లో బండి నడిపేవాళ్ళకి చెప్పండి, నడిపేది మీరే అయితే ఇంకా మంచిది.