హైదరాబాద్‌కు గంటన్నరే, మరి సిరిసిల్లకు?

బొంబాయి విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి సూటిగా కొలిస్తే దాదాపు 620 కిలోమీటర్లు. పుణే, షోలాపూర్, వాడి మీదుగా రైల్లో పోతే 790 దాకా అయితది. విమానం టికెట్ మీద గంటా ఇరవై నుంచి గంటన్నర దాకా టైము వేస్తరు. ఊర్లో మనోళ్లకు ఈ ఒక్క ముక్కే గుర్తుంటది. "గంటన్నరే కదా, ఎక్కి వచ్చెయ్" అంటరు.

పైకి ఎక్కినాక విమానం గంటకు 800 కిలోమీటర్ల దాకా పోతది. ఆ లెక్కన ముప్పావు గంట చాలు. కానీ టికెట్ మీది టైము గాల్లో ఉన్నంతసేపే కాదు. విమానం నిలబడ్డ చోటి నుంచి కదిలిన కాడినుంచి అక్కడ పోయి ఆగేదాకా లెక్క. బొంబాయిలో రన్‌వేలు రెండున్నా ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తయి, రెండూ ఒకేసారి నడవవు. అందుకే విమానాలు లైన్ల నిలబడతయి. మిల్లుల మగ్గం నడిచే వేగం వేరు, బీము మార్చి పోగులు అతికే టైము వేరు. ఇదీ అట్లనే.

మా అక్క సిరిసిల్లలో పోయినప్పుడు ఈ లెక్క అవసరం పడ్డది. తెల్లారుజామున నాలుగింటికి మేనల్లుడు ఫోన్ చేసిండు. "మామా, పదింటికల్లా వస్తవు గదా, పన్నెండుకు ఎత్తుదమంటున్నరు" అన్నడు. నేను క్యాలెండర్ వెనక రాసి చూసిన. వర్లీ నుంచి ఐదింటికి బయలుదేరాలె. రెండు గంటల ముందే ఉండమంటరు. దొరికిన విమానం ఎనిమిదింటి తర్వాత. దిగి బయటపడేసరికి పది దాటుతది. శంషాబాద్ నుంచి సిరిసిల్ల మళ్లా నూటయాభై కిలోమీటర్ల పైనే. "మూడింటి దాకా ఆపు, పొద్దు గూకకముందే అయిపోతది" అని చెప్పిన. రెండుంబావుకు చేరిన. అక్క ముఖం చూసుకున్న.

ఇంటి గడప నుంచి గడపకు తొమ్మిది గంటల పైనే పట్టింది. మన ప్రైవేటు బస్సులో సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగుతం. విమానం మిగిల్చేది ఐదారు గంటలే. చావు కబురుకు ఆ ఐదారు గంటలే ముఖ్యం. అందుకే ఊరికి ఫోన్‌లో విమానం దిగే టైము చెప్పొద్దు, ఇల్లు చేరే టైము చెప్పాలె.

టికెట్ మీద టెర్మినల్ 1 ఉందా 2 ఉందా చూసుకోండి. రెండూ పక్కపక్కన లేవు, ఒకదాని బదులు ఇంకోదానికి పోతే విమానం తప్పొచ్చు. శంషాబాద్‌లో దిగినాక పుష్పక్ బస్సు జూబ్లీ బస్టాండ్‌కు పోతది, సిరిసిల్ల బస్సులు అక్కడ దొరుకుతయి. తొందరుంటే కారు మాట్లాడుకుని ఔటర్ రింగురోడ్డు మీద శామీర్‌పేట దగ్గర దిగితే సిటీ ట్రాఫిక్ తప్పుతది.

సామాను మాత్రం మామూలు టికెట్‌కు 15 కిలోలు, చేతిల 7 కిలోలు. పండుగకు పిల్లలతో, మూటలతో పోయేటప్పుడు నేను ఇప్పటికీ బస్సే ఎక్కుత.